లేజర్ గురి పెడితే కంటికి కాపలా ఎవరు?

కోల్‌కతాలో దుర్గా పూజ వచ్చిందంటే పిల్లల చేతుల్లో బొమ్మ తుపాకీలు కనిపిస్తాయి. మన దీపావళి రీళ్ల తుపాకీల్లాంటివే అవి. ఈ మధ్య వస్తున్న కొన్ని బొమ్మ తుపాకీల గొట్టం కింద చిన్న లేజర్ కూడా ఉంటోంది. మీట నొక్కితే గోడ మీద ఎర్రటి చుక్కో, ఆకుపచ్చ చుక్కో పడుతుంది. ఆ చుక్క ఎక్కడుంటే గురి అక్కడున్నట్టు.

ఒక దృశ్యం ఊహించుకుందాం. డైమండ్ హార్బర్ రోడ్డు పక్కనే ఉన్న ఏక్‌బాల్‌పూర్‌లో ఓ మేడ గది. గోడకు అంటించిన కాగితం మీద గుండ్రటి గీతలు. పక్కనే నిలువుటద్దం బిగించిన ఇనుప బీరువా. పదమూడేళ్ల కుర్రాడు తుపాకీ ఎత్తి గురి చూస్తున్నాడు. లేజర్ కళ్లకు మంచిది కాదని ఎవరో చెప్పగా విన్న అతని అన్న, జాగ్రత్త కోసమని తన నల్ల కళ్లద్దాలు తమ్ముడికి పెట్టాడు. ఏక్‌బాల్‌పూర్ బదులు విజయవాడ అనుకున్నా, వరంగల్ అనుకున్నా తేడా ఏమీ లేదు. గది అదే, బీరువా అదే, ఆ నల్ల కళ్లద్దాలూ అవే.

అన్న ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ అద్దాలు ఆ కుర్రాడిని కాపాడవు. ఎందుకు కాపాడవో తెలియాలంటే ముందు కన్ను లేజర్‌ను ఏం చేస్తుందో చూడాలి. లేజర్ కన్నును ఏం చేస్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

మామూలు బల్బు వెలుగు అన్ని దిక్కులకూ పరుచుకుంటుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బును గది మధ్యలో వేలాడదీస్తే మన కనుపాపలోకి వచ్చేది అందులో అత్యల్ప భాగం. లేజర్ అలా కాదు. దాని కాంతి దాదాపు సమాంతరంగా, సన్నటి కడ్డీలా వస్తుంది. అలా సమాంతరంగా వచ్చే కాంతిని ఒక్క బిందువుకు చేర్చడంలో కంటి కటకం ఆరితేరినది. నక్షత్రాన్ని మనం చుక్కలా చూడగలిగేది అందువల్లే. చీకట్లో 7 మిల్లీమీటర్ల వరకు విప్పారే కనుపాపలోంచి వెళ్లిన లేజర్ కిరణం, వెనకనున్న రెటీనా మీద మిల్లీమీటరులో యాభయ్యో వంతు అంత చుక్కగా కుదించుకుపోతుంది. అంటే కంటి ముందున్న తీవ్రత రెటీనా దగ్గర లక్ష రెట్లవుతుంది. చిన్నప్పుడు భూతద్దంతో ఎండను కాగితం మీద కేంద్రీకరించి కాల్చిన వారికి ఈ సంగతి వివరించనక్కర్లేదు. ఇక్కడ భూతద్దం మన కంట్లోనే ఉంది, కాగితం రెటీనా.

ఒక మిల్లీవాట్ అంటే వాటులో వెయ్యో వంతు. అంత చిన్న లేజర్ కూడా రెటీనా మీద, నేరుగా సూర్యుణ్ని చూసినప్పుడు పడే తీవ్రత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తీవ్రతను కలిగించగలదు. మరి ఒక మిల్లీవాట్ లేజర్‌ను ప్రమాదం లేనిదిగా ఎందుకు లెక్కిస్తారు? మిరుమిట్లు గొలిపే వెలుగు పడగానే పావు సెకనులో మనం రెప్ప వేస్తాం, తల తిప్పుకుంటాం. ఆ పావు సెకనులో కంటికి హాని చేయని హద్దు సుమారు ఒక మిల్లీవాట్ అని లెక్క తేలింది. లేజర్ల మీద కనిపించే ‘క్లాస్ 2’ ముద్రకు అర్థం అదే. 5 మిల్లీవాట్ల వరకు ‘3ఆర్’, అక్కడి నుంచి 500 మిల్లీవాట్ల వరకు ‘3బీ’, ఆపైన ‘క్లాస్ 4’. కంటికి కనిపించే, నిరంతరంగా వెలిగే లేజర్లకు స్థూలంగా ఇదీ వర్గీకరణ.

గురి చూసేవాడి విషయంలో మరో చిక్కుంది. రెటీనా మధ్యలో ‘ఫోవియా’ అనే చిన్న గుంట ఉంటుంది. సూదిలో దారం ఎక్కించాలన్నా, ఈ అక్షరాలు చదవాలన్నా, గురి చూడాలన్నా పని చేసేది ఆ గుంటే. గురి చూడటమంటేనే కంటి చూపు, తుపాకీ గొట్టం, గురి మూడింటినీ దాదాపు ఒకే గీత మీదికి తేవడం. గురి దగ్గర అద్దం ఉందనుకోండి. వెళ్లిన కిరణం వెనక్కి తిరిగి వచ్చే దారి కూడా ఆ గీతకు దగ్గరగానే ఉంటుంది. మిగతా రెటీనాలో ఎక్కడైనా చిన్న మచ్చ పడితే మెదడు సర్దుకుపోతుంది, చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు. ఫోవియాలో పడితే మాత్రం ఏ ముఖం వైపు చూసినా సరిగ్గా ముక్కు ఉండాల్సిన చోట మసక కనిపిస్తుంది.

పైగా రెటీనాకు నొప్పి తెలియదు. వేడి పెనం తగిలిన వేలు వెంటనే వెనక్కి వస్తుంది. కాలిన రెటీనా ఏ కబురూ పంపదు. కంటికి కనిపించని పరారుణ లేజర్ అయితే రెప్ప కూడా పడదు. ఈ రంగంలో తరతరాల విద్యార్థులకు చెబుతూ వస్తున్న ఉదంతం ఒకటుంది. 1977లో ఒక అమెరికా పరిశోధకుడు తన కంటికి జరిగిన ప్రమాదాన్ని తానే ఓ పత్రికలో రాశాడు. 1064 నానోమీటర్ల పరారుణ లేజర్, అదీ అంత బలమైనదేమీ కాదు, ఏదో ఉపరితలం మీద పడి పరావర్తనం చెంది కంట్లోకి వచ్చింది. కంటి లోపల ‘టప్’మని శబ్దం వినిపించిందట. ఆ వెంటనే చూపులో రక్తపు చారలు తేలాయి. రక్షణ కళ్లద్దాలు ఆ ప్రయోగశాలలోనే ఉన్నాయి. పెట్టుకోలేదు, అంతే. ఆవిరి పట్టి మసకబారతాయని, పక్క చూపు తగ్గుతుందని, ఇబ్బందిగా ఉంటాయని వాటిని పక్కన పెట్టేవాళ్లు ఎందరో ఉంటారని కూడా ఆయనే రాశాడు. హెల్మెట్ గురించి మన ఊళ్లలో వినే మాటలు గుర్తుకు రావట్లేదూ?

ఇక కళ్లద్దాల సంగతి.

లేజర్ రక్షణ కళ్లద్దాలు వెలుగునంతటినీ తగ్గించవు. ఎంచుకున్న కొన్ని తరంగదైర్ఘ్యాలను మాత్రమే పట్టుకుని, మిగతావాటిని పోనిస్తాయి. ఈ పని రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి, పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌లోనో గాజులోనో ఆ తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకునే రంగు పదార్థాన్ని కలపడం. రెండోది, గాజు మీద అతి పలుచని పొరలను పదులకొద్దీ పేర్చి ఆ తరంగదైర్ఘ్యాన్ని వెనక్కి కొట్టడం. రెండో రకంలో ఒక లోపం ఉంది. కిరణం నిటారుగా పడితే అడ్డుకునే తరంగదైర్ఘ్యం ఒకటి, ఏటవాలుగా పడితే అడ్డుకునేది కొంచెం వేరు. పైగా వెనక్కి కొట్టిన కిరణం పక్కవాడి కంట్లోకి పోవచ్చు. అందుకే తల అటూ ఇటూ తిప్పే పనుల్లో మొదటి రకాన్నే ఎక్కువ మంది ఎంచుకుంటారు.

ఎంత అడ్డుకుంటాయో చెప్పే అంకెను ‘ఆప్టికల్ డెన్సిటీ’, పొడి అక్షరాల్లో ఓడీ అంటారు. లెక్క సులువు. ఓడీ 1 అంటే పదో వంతు వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. ఓడీ 2 అంటే వందో వంతు, 3 అంటే వెయ్యో వంతు, 6 అంటే పది లక్షల్లో ఒక వంతు. అంకె ఒకటి పెరిగిన ప్రతిసారీ రక్షణ పది రెట్లు పెరుగుతుంది. అయితే ఆ అంకె ఒంటరిగా ఉంటే దానికి విలువ లేదు. పక్కన తరంగదైర్ఘ్యం ఉండాలి. 532 నానోమీటర్ల దగ్గర ఓడీ 6 ఉన్న అద్దం 650 దగ్గర దాదాపు కిటికీ గాజుతో సమానం కావచ్చు.

ఇప్పుడు అన్నయ్య నల్ల కళ్లద్దాలను ఈ లెక్కలో పెడదాం. మామూలు చలువ కళ్లద్దాలు దాదాపు 15 శాతం వెలుగును లోపలికి వదులుతాయనుకుంటే వాటి ఓడీ 0.8. ముద్ర మీద ఏం రాసి ఉన్నా ఆ బొమ్మ లేజర్ నిజానికి 50 మిల్లీవాట్లదైతే, అద్దం దాటి వచ్చేది 7.5 మిల్లీవాట్లు. హద్దుకు ఏడు రెట్ల పైనే. అద్దాల చాటున చీకటిగా ఉండటంతో కనుపాప మరింత తెరుచుకుంటుంది. వెలుగు తగ్గి కనిపిస్తుంది కాబట్టి కుర్రాడు రెప్ప వేయకుండా ఇంకాసేపు చూస్తాడు. పరారుణం దగ్గరికి వస్తే, చాలా చలువ కళ్లద్దాలు దాన్ని పెద్దగా అడ్డుకోనే అడ్డుకోవు.

అద్దం రంగును చూసి రక్షణను అంచనా వేయడం కూడా పొరపాటే, పైగా ఇది చాలామంది చేసే పొరపాటు. ఎర్ర లేజర్‌కు ఎర్ర అద్దాలు సరిపోతాయనిపిస్తుంది. నిజం దానికి తలకిందులు. ఎర్ర అద్దం ఎర్రగా కనిపించేదే ఎర్ర కాంతిని లోపలికి వదులుతుంది కాబట్టి. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్‌ను ఆపే అద్దాలు నీలంగానో, నీలి ఆకుపచ్చగానో ఉంటాయి. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను ఆపేవి నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. 1064 నానోమీటర్ల పరారుణాన్ని ఆపే కొన్ని అద్దాలు ఇంచుమించు తెల్లగా, లేత ఆకుపచ్చ ఛాయతో ఉంటాయి. చూస్తే ‘ఇది దేన్ని ఆపుతుంది’ అనిపిస్తుంది. అది ఆపేది మన కంటికి కనిపించనిదాన్ని కదా.

రైఫిల్ క్లబ్బుల్లో షూటర్లు పెట్టుకునే కళ్లద్దాల మాటేమిటి? అవి వేరే పనికి పుట్టినవి. ఎగిరివచ్చే సీసపు తునకలు, ఖాళీ తూటా గొట్టాలు, దుమ్ము కంట్లో పడకుండా ఆపేందుకు గట్టి పాలికార్బొనేట్‌తో చేస్తారు. అతినీలలోహిత కిరణాలనూ ఆపుతాయి. కనిపించే లేజర్ మాత్రం వాటిలోంచి దర్జాగా వెళ్లిపోతుంది. దెబ్బ నుంచి రక్షణ, వెలుగు నుంచి రక్షణ రెండూ వేర్వేరు విద్యలు. రెండూ కావాలంటే రెండు గుణాలూ ఉన్నట్టు ముద్ర ఉన్న అద్దాలే కొనాలి.

ఇంతవరకూ అంతా సూటిగానే ఉంది. గురి సాధనకు వచ్చేసరికి ఒక వింత ఎదురవుతుంది. ఎర్ర చుక్క ఎక్కడ పడిందో చూడటానికే కదా లేజర్ పెట్టింది? ఎర్ర లేజర్‌ను ఓడీ 4తో ఆపే అద్దాలు పెట్టుకుంటే ఆ చుక్కే కనిపించదు! కంటికి పూర్తి రక్షణ దొరుకుతుంది, సాధన సున్నా. ప్రయోగశాలల్లో కిరణాన్ని సరిచేసే పనికోసం, చుక్కను మసకగా కనిపించనిచ్చే తక్కువ ఓడీ అద్దాలు వేరుగా ఉన్నాయి. ఇళ్లలో, క్రీడల్లో మాత్రం తెలివైన దారి అద్దాలను పెంచడం కాదు, లేజర్‌ను తగ్గించడం. ఆధునిక పెంటాథ్లాన్ క్రీడ ఇదే దారిలో నడిచింది. 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి అందులో ఛర్రాల పిస్తోలు పోయి లేజర్ పిస్తోలు వచ్చింది. పది మీటర్ల దూరంలోని గురిలో ఉన్న సెన్సర్ ఆ వెలుగును పసిగట్టి తగిలిందో లేదో చెబుతుంది. పసిగట్టేది యంత్రం కాబట్టి కిరణం బలంగా ఉండాల్సిన అవసరమే లేదు.

సమస్యల్లా ముద్ర మీద రాసినదానికీ లోపలున్నదానికీ పొంతన లేని చవక లేజర్లతోనే. అమెరికాలోని జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2013లో 122 లేజర్ పాయింటర్లను కొలిచి చూసింది. ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో సుమారు 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు. ఆకుపచ్చవాటికే ఎందుకిలా? చవక ఆకుపచ్చ లేజర్ పుట్టుక కాస్త మెలికలు తిరిగి ఉంటుంది. ముందు 808 నానోమీటర్ల పరారుణం పుడుతుంది. ఒక స్ఫటికం దాన్ని 1064కు మారుస్తుంది. మరో స్ఫటికం 1064ను సగానికి తగ్గించి 532 ఆకుపచ్చ చేస్తుంది. మార్పు పూర్తికాని పరారుణం బయటికి రాకుండా చివర ఒక చిన్న ఫిల్టర్ ఉండాలి. కొన్ని రూపాయలు మిగుల్చుకోవడానికి దాన్ని వదిలేస్తే, ఆకుపచ్చ చుక్క వెంట కనిపించని కిరణం కూడా వస్తుంది. 2010లో నిస్ట్ శాస్త్రవేత్తలు పరీక్షించిన ఒక పాయింటర్‌లో ఆకుపచ్చ మసకగా ఉండగా, దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణం వెలువడింది. ఇలాంటిదాని ముందు 532ను మాత్రమే ఆపే నారింజ అద్దాలు పెట్టుకుంటే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. ఆకుపచ్చ ఆగిపోతుంది, అసలు ప్రమాదం మాత్రం లోపలికి వస్తుంది.

సైన్యంలో గురి సాధన ఇంకో స్థాయిలో ఉంటుంది. తూటాల బదులు లేజర్‌తో ఒకరినొకరు ‘కాల్చుకునే’ యుద్ధ విన్యాసాల్లో సైనికుల కవచాలకు సెన్సర్లు బిగిస్తారు. అమెరికా సైన్యం 1980ల నుంచి వాడుతున్న పద్ధతి ఇది. సుమారు 905 నానోమీటర్ల పరారుణం, కంటికి హాని చేయనంత తక్కువ శక్తి. ఎదుటివాడి వైపే గురి పెట్టాలి కాబట్టి అలాగే ఉండి తీరాలి. మన దగ్గర హైదరాబాద్‌లోని జెన్ టెక్నాలజీస్ వంటి సంస్థలు సైన్యానికి, పోలీసులకు శిక్షణ సిమ్యులేటర్లు తయారు చేస్తున్నాయి. దూరాన్ని కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్ల కథ వేరు. పాతతరం యంత్రాల్లో 1064 నానోమీటర్ల బలమైన మెరుపులు వాడేవారు. 1977 నాటి పరిశోధకుడి కంటిని దెబ్బతీసిన తరంగదైర్ఘ్యమే అది. ఇప్పుడు చాలా వాటిలో 1540 నానోమీటర్ల దాపుకు మారారు. 1400 నానోమీటర్లు దాటిన పరారుణాన్ని కంటి ముందు భాగంలోని కార్నియా, నీరు పీల్చుకుంటాయి. అది రెటీనా దాకా చేరదు, లక్ష రెట్లు కేంద్రీకృతం కాదు. అందుకే వాటిని ‘కంటికి సురక్షితం’ అంటారు. శక్తి మరీ పెరిగితే కార్నియా కాలుతుందన్నది వేరే మాట. రాత్రి చూపు పరికరాలు, లేజర్ రేంజ్‌ఫైండర్లు తయారయ్యే చోటు తెలుగు నేల మీదే ఉంది. 1924లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన మచిలీపట్నం కర్మాగారం అది.

లేజర్ గురి సాధనలో అన్నిటికంటే పెద్దది కూడా మన దగ్గరే జరిగింది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి ప్రయోగ క్షేత్రంలో డీఆర్‌డీఓ వాహనం మీద అమర్చిన ‘మార్క్-2(ఎ)’ లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. హైదరాబాద్‌లోని ‘చెస్’ కేంద్రం దాన్ని రూపొందించింది. రెక్కల డ్రోన్‌ను, డ్రోన్ల గుంపును ఆ కిరణం దెబ్బతీసింది. దాని శక్తి 30 కిలోవాట్లు. మన లెక్కలో మూడు కోట్ల మిల్లీవాట్లు. ఎగురుతున్న డ్రోన్ మెరుగు మీద పడి ఆ కిరణంలో పది లక్షల్లో ఒక వంతు ఎవరి కంటివైపైనా మళ్లిందనుకోండి, అదే 30 మిల్లీవాట్లు. లెక్క కోసం పాత ఒక మిల్లీవాట్ హద్దునే వాడుకుంటే, ఆ కొసరుకు ఓడీ 1.5 అద్దాలు చాలు. నేరుగా వచ్చే పూర్తి కిరణానికి ఓడీ 7.5 కావాలి. కాగితం మీద అలాంటి అద్దాలు ఉన్నాయి. కానీ 30 కిలోవాట్ల కిరణం ముందు ఏ అద్దమైనా ముందు కరిగిపోతుంది లేదా పగిలిపోతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 207 ఈ సంగతినే పట్టించుకుంటుంది. కిరణాన్ని ఎంత తగ్గించిందన్నదే కాక, ఆ తాకిడికి అద్దం కనీసం 5 సెకన్లు నిలబడిందా అని కూడా పరీక్షిస్తుంది. ఆ 5 సెకన్లు చూస్తూ ఉండటానికి కాదు, తప్పుకోవడానికి. అంత పెద్ద లేజర్ల దగ్గర అసలు కాపలా ఖాళీ చేయించిన నేల, దూరం, కిరణం ఆగే చోటు. కళ్లద్దాలు ఆఖరి వరస.

దూరం పెరిగితే లేజర్ బలం తగ్గే మాట నిజమే. కిరణం వెళ్లినకొద్దీ కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. కిలోమీటరు దూరంలో చేతి పాయింటర్ చుక్క మీటరు వెడల్పవుతుంది, రెటీనాను కాల్చే శక్తి పోతుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే శక్తి మాత్రం ఉంటుంది. 2021 దుర్గా పూజల్లో కోల్‌కతా లేక్ టౌన్ దగ్గర బుర్జ్ ఖలీఫా నమూనా మండపం కట్టి లేజర్ ప్రదర్శన పెడితే, దమ్‌దమ్ విమానాశ్రయంలో దిగుతున్న విమానాల పైలట్లు ఫిర్యాదు చేశారు. ప్రదర్శన ఆపాల్సి వచ్చింది. పైలట్లకు లేజర్ కళ్లద్దాలు ఇస్తే సరిపోదా అంటారా? ఆకుపచ్చను ఆపే అద్దం కాక్‌పిట్‌లోని ఆకుపచ్చ సూచికలనూ మసకబారుస్తుంది. గురి చుక్క కనిపించని చిక్కే ఇక్కడా.

మళ్లీ ఏక్‌బాల్‌పూర్ గదిలోకి వెళ్దాం. ఆ ఇంట్లో మొదట మారాల్సింది కళ్లద్దాలు కాదు, బీరువా అద్దం. దాని మీద ఒక దుప్పటి కప్పితే చాలు. నిలువుటద్దం కిరణాన్ని దాదాపు మొత్తంగా వెనక్కి పంపుతుంది. ఫొటో చట్రంలోని మామూలు గాజు సుమారు 8 శాతం పంపుతుంది. సున్నం వేసిన గోడ అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి చిన్న లేజర్‌కు అదే మంచి గురి. తర్వాత లేజర్ మీది ముద్ర చూడాలి. క్లాస్, మిల్లీవాట్లు, తరంగదైర్ఘ్యం ఈ మూడూ రాసి లేకపోతే ఆ తుపాకీలోంచి లేజర్ బ్యాటరీ తీసేయడం మేలు. నిజంగా కళ్లద్దాలు అవసరమైన లేజర్ అయితే అది పిల్లల చేతిలో ఉండాల్సినది కాదు. పెద్దలు కొనేటప్పుడు చట్రం మీదో అద్దం మీదో తరంగదైర్ఘ్యాల హద్దు, ఓడీ అంకె చెక్కి ఉన్నాయో లేదో చూసుకోవాలి. చవక లేజర్ చెక్కుడు యంత్రాలతో ఉచితంగా వచ్చే కళ్లద్దాల మీద ఆ అంకెలు లేకపోతే వాటిని రంగు ప్లాస్టిక్‌గానే లెక్కించాలి. గీతలు పడ్డ, రంగు వెలిసిన, పగుళ్లు కనిపించే అద్దాలను ఎంత ఖరీదైనవైనా పక్కన పెట్టేయాలి.

కంట్లో లేజర్ పడిందన్న అనుమానం వస్తే కన్ను నలపకూడదు. ఒక్కో కన్ను మూసి, గళ్ల నోటు పుస్తకం పేజీని చదివే దూరంలో పెట్టుకుని మధ్యలో ఒక చుక్క వైపు చూడాలి. గీతలు వంకరగా కనిపించినా, ఎక్కడైనా మాయమైనా, మసక మచ్చ కదలకుండా ఉండిపోయినా అదే రోజు రెటీనా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నొప్పి లేదు కదా అని ఆగకూడదు. అన్నీ బాగానే కనిపించినా ఒకసారి చూపించుకోవడం మంచిది. ఓసీటీ అనే స్కాన్ రెటీనా పొరలను మైక్రాన్ల మేరకు చూపిస్తుంది. వెళ్లేటప్పుడు ఆ లేజర్‌నూ వెంట తీసుకెళ్లండి. దాని తరంగదైర్ఘ్యం, శక్తి ఎంతో తెలిస్తే దెబ్బ ఎక్కడ ఉండొచ్చో వైద్యులు వెతుక్కోగలరు.